ఇచ్చిన స్టార్ వెనక్కి తీసుకోవద్దు: ఇంట్లో స్టార్ల చార్టు, ఏడాది వాడాక

స్టార్ల చార్టు అంటే ఫ్రిజ్ తలుపు మీద అంటించే గళ్ల కాగితం: పిల్లలు చెప్పిన పని చేసినప్పుడల్లా ఒక గడిలో స్టార్ స్టిక్కర్ పడుతుంది, కొన్ని కూడితే ఓ బహుమతి. విజయవాడ మొగల్రాజపురంలో మా ఇంట్లో పెద్దాడి కోసం మొదలుపెట్టి ఏడాది దాటింది. వాడికిప్పుడు ఏడేళ్లు. ఇన్నాళ్లు వాడాక ఇందులో ఒక్క నియమం గురించే గట్టిగా చెప్పాలనుంది: ఒకసారి ఇచ్చిన స్టార్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ వెనక్కి తీసుకోకూడదు. మిగతావన్నీ ఎవరి ఇంటి వీలును బట్టి వాళ్లు మార్చుకోవచ్చు. ఇది మాత్రం మార్చొద్దు.

మేం మూడే పనులు పెట్టాం. లేవగానే దుప్పటి మడవడం, స్కూల్ నుంచి రాగానే బూట్లు స్టాండులో పెట్టడం, పడుకునే ముందు బ్యాగ్ సర్దుకోవడం. 'బుద్ధిగా ఉండటం' లాంటివి పెట్టలేదు. అంటే ఏం చేయాలో పిల్లాడికీ తెలియదు, దేనికి స్టార్ ఇవ్వాలో మనకీ తెలియదు. పని అవ్వగానే వాడే స్టిక్కర్ అంటించుకునేవాడు. బహుమతుల్లో చాక్లెట్లు లేవు, కొనిచ్చే బొమ్మలు తక్కువ. రాత్రి ఇంకో కథ, ఆదివారం రాజీవ్ గాంధీ పార్కు, బాగా కూడబెడితే భవానీ ఐలాండ్‌కి పడవలో షికారు. ఇన్ని ఉన్నా వాడు ఎక్కువసార్లు అడిగింది సాయంత్రం టిఫినేంటో తేల్చే అధికారం! పునుగులా, మిర్చి బజ్జీలా అని ఇంటిల్లిపాదీ వాడి మాట కోసం చూసేవాళ్లం. వంటింటి గుమ్మంలో నిలబడి, "నాయనమ్మా, అల్లం చట్నీ కూడా ఉండాలి" అని ఆర్డర్ వేసేవాడు. ఆ కాసేపు వాడి మొహంలో వెలుగు చూడాల్సిందే.

అలా నడుస్తుండగా ఒక ఆదివారం బంధువులొచ్చారు. టీవీ రిమోట్ దగ్గర గొడవై పెద్దాడు చెల్లెల్ని తోశాడు. సోఫా చెక్క తగిలి దాని నుదురు బొప్పి కట్టింది. మా ఆయనకి కోపం ఆగలేదు. నలుగురూ చూస్తుండగానే ఫ్రిజ్ దగ్గరికెళ్లి ఆ వారం స్టార్లన్నీ గోటితో పీకేశారు. పిల్లాడు ఏడవలేదు. ఖాళీ గళ్ల వంక కాసేపు చూసి, "నాన్నా, నేను మొన్న దుప్పటి మడిచాను కదా. ఇప్పుడు మడవనట్టేనా?" అని అడిగాడు.

ఎవరం ఏమీ అనలేకపోయాం. మర్నాటి నుంచి వాడు చార్టు వంక చూడలేదు. మొదట్లో దుప్పటి మడిచేవాడు కానీ స్టిక్కర్ ముట్టుకునేవాడు కాదు. తర్వాత మడవడం కూడా మానేశాడు. "అంటించుకోరా" అంటే "మళ్లీ పీకేస్తారుగా" అనేవాడు. చాలా రోజులు అంతే.

వాడి లెక్కలో తప్పు లేదు. స్టార్ అంటే ఫలానా రోజు ఫలానా పని చేశాడని ఇంట్లో అందరం ఒప్పుకున్న గుర్తు. చెల్లెల్ని తోయడం తప్పే, దానికి శిక్ష వేరే ఉండాలి. ఆఫీసులో ఈ రోజు ఎవరితోనో గొడవైందని పోయిన నెల జీతం వెనక్కి అడిగితే మనం ఊరుకుంటామా? కొన్ని చోట్ల, ముఖ్యంగా నిపుణుల పర్యవేక్షణలో, పాయింట్లు కోసే పద్ధతి కూడా వాడతారు. అక్కడ దేనికి ఎన్ని పోతాయో ముందే చెప్పి, చెప్పినంతే కోస్తారు. కోపంలో ఉన్న తండ్రి వారం మొత్తం పీకెయ్యడం వేరు. దాంతో పిల్లాడికి అర్థమయ్యేది ఒక్కటే: పెద్దవాళ్లకి కోపమొస్తే మనం సంపాదించుకున్నది ఉండదు.

చివరికి మా ఆయనే ఒక రాత్రి కొత్త స్టిక్కర్ల షీటు తెచ్చి వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. ఆ వారం ఏ రోజు ఏం చేశాడో వాడినే చెప్పమని ఒక్కొక్కటే మళ్లీ అంటించారు. బుధవారం దగ్గరికొచ్చేసరికి వాడే చెయ్యి అడ్డం పెట్టి, "ఆ రోజు బూట్లు పెట్టలేదు నాన్నా, ఇక్కడ వద్దు" అన్నాడు. ఏడాదిలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన మాట అదే. ఇప్పుడు కొట్టినా తోసినా ఆ రోజుకి టీవీ బంద్. చార్టుకి దాంతో సంబంధం లేదు.

మా అపార్ట్‌మెంట్‌లో అడిగినవాళ్లకి మొదట్లో 'పొద్దున్న టెన్షన్ పూర్తిగా పోయింది' అని చెప్పేదాన్ని. ఇప్పుడైతే 'కొంత తగ్గింది' అంటాను. దుప్పటి, బూట్లు అలవాటయ్యాయి. ఎండాకాలం సెలవుల్లో గుంటూరులో అమ్మమ్మగారింట్లో చార్టు లేకపోయినా చెప్పులు వరసగా పెట్టేవాడట. బ్యాగ్ సర్దడం మాత్రం స్టార్లు ఆపిన వారమే ఆగిపోయింది. హోంవర్క్‌కి కూడా పెట్టి చూశాం. తొందరగా అయిపోయేది, దస్తూరీ మాత్రం పాడైంది. అది తీసేశాం.

బొమ్మలు వేసినందుకు స్టార్ ఇమ్మని వాడే అడిగాడు, నేనే ఒప్పుకోలేదు. దానికి కారణం 1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనం. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూల్లో బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, వేస్తే బంగారు రంగు నక్షత్రం, రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్లకి చూస్తే, ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలు వేస్తూ గడిపిన సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. ముందు చెప్పకుండా, వేశాక ఇచ్చిన పిల్లల్లో అలా తగ్గలేదు. మావాడు అడక్కుండానే గంటలు గంటలు బొమ్మలేస్తాడు. ఆ ఇష్టం మీద ప్రయోగం చేయడానికి నాకు మనసొప్పలేదు.

ఇదంతా మా ఇంటి పరిస్థితుల్లో జరిగింది. మా అత్తగారు రోజంతా ఇంట్లో ఉంటారు కాబట్టి స్టిక్కర్ వెంటనే పడేది. ఇద్దరూ ఉద్యోగాలకెళ్లి రాత్రికి చేరే ఇళ్లలో ఇంత సులువుగా నడవకపోవచ్చు. టీనేజీ పిల్లల సంగతి నేను చెప్పలేను. నాలుగేళ్ల మా చిన్నదానికి ఈ మధ్యే మొదలుపెట్టాం. అన్నలా వారం కూడబెట్టే ఓపిక దానికి లేదు. అందుకే మూడు స్టార్లొస్తే చాలు, ఆ సాయంత్రమే ఇచ్చేస్తున్నాం.