జయనగర్ అక్యుపంక్చర్ క్లినిక్: ఆరు సిట్టింగుల తర్వాత

బెంగళూరులో బొమ్మనహళ్లి దగ్గర గార్మెంట్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. నెలాఖరున జీతాలు, ఆ వెంటనే జీఎస్టీ. రెండేళ్లుగా రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, ఇక తెల్లవారేదాకా బుర్రలో లెక్కలే. మెడ పట్టేసి తల తిప్పలేకపోతుంటే, హిందూపురం నుంచి మా పిన్ని రోజూ ఫోన్ చేసి పోరు పెట్టింది. చివరికి జయనగర్ నాలుగో బ్లాకులో ఈ చిన్న క్లినిక్ మెట్లెక్కాను.

డాక్టరమ్మది కడప వైపు. మొదటిరోజు అరగంట నా మాటే విన్నారు. "అక్కా, బీపీ మాత్ర మాత్రం మానొద్దు, ఇది దానికి బదులు కాదు" అన్నారు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

సూదులు వెంట్రుకలా సన్నగా ఉంటాయి, కొత్త ప్యాకెట్ నా ముందే చించారు. నడినెత్తిన ఒకటి, మణికట్ల లోపలివైపు, మోకాళ్ల కింద బయటివైపు. చీమ కుట్టినంత నొప్పి. మోకాలి కింద దిగినప్పుడు మాత్రం పాదం దాకా ఒక బరువు పాకింది. ఆ బరువు తెలియడమే మంచిదట. చైనావాళ్లు ఆ చోటును జుసాన్లీ అంటారు.

మూడోసారి మెడ సూదులకు చిన్న కరెంటు మెషిన్ తగిలించారు. టిక్కుటిక్కుమని కండరం ఎగురుతుంటే భయమేసి అడిగాను, ఓపిగ్గా చెప్పారు. మన మెదడే ఎండార్ఫిన్ల లాంటి నొప్పి తగ్గించే మందులు తయారు చేసుకుంటుంది. మార్ఫిన్ లాంటి నొప్పి మందులను అడ్డుకునే నలాక్సోన్ అనే మందు ఇస్తే సూదుల వల్ల వచ్చిన ఉపశమనం కూడా తగ్గిపోతుందని 1970లలోనే చూశారు. బీజింగ్‌లో హాన్ జిషెంగ్ అనే శాస్త్రవేత్త, కరెంటు 2 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు రెండుసార్లు తగిలేలా పెడితే ఎన్‌కెఫాలిన్లు, 100లో పెడితే డైనార్ఫిన్ అనే అలాంటి నొప్పి మందులే ఒంట్లో విడుదలవుతాయని చూపించారు. టెన్షన్‌లో పెరిగే కార్టిసాల్ లాంటి హార్మోన్లను సూదులు తగ్గిస్తాయా అన్న పరిశోధనలు ఎక్కువగా ఎలుకల మీదే జరిగాయని, ఉత్తుత్తి సూదులు పెట్టినా చాలామందికి హాయి కలుగుతుందని కూడా ఆమే చెప్పారు. తన వైద్యం గురించి ఇంత నిజం చెప్పేవాళ్లు ఎందరుంటారు?

నాకు అన్నిటికంటే నచ్చింది మోక్సా. ఎండుటాకు దూది చుట్టిన కడ్డీ వెలిగించి, చర్మానికి రెండంగుళాల ఎత్తున పట్టుకుంటారు. పొగ రాగానే వినాయక చవితి గుర్తొచ్చింది. అడిగితే, మన మాచిపత్రి జాతి ఆకే అన్నారు! ఇరవై ఒక్క పత్రిలో మొదట వేసేది. చిన్నప్పుడు మా నాయనతో చెరువు గట్టున ఏరుకొచ్చిన ఆ వాసన వస్తుంటే, నడుం మీద వెచ్చదనం దిగుతుంటే, అలాగే నిద్రపోయాను.

లోపాలు చెప్పాలి. గదిలో పొగ బయటికి పోయే దారి సరిగా లేదు. ఆస్తమా ఉన్నవాళ్లు సూదులు మాత్రమే చాలని ముందే చెప్పండి. రిసెప్షన్‌లో పది సిట్టింగుల డబ్బు ముందే కట్టమంటారు. కట్టకండి. ఒక్కోదానికి ఆరు వందలు, నేను ఏ రోజుది ఆ రోజే ఇచ్చాను, డాక్టరమ్మ ఏమీ అనలేదు. శనివారం రద్దీ, గంట కూర్చోవాలి.

మెడ ఇప్పుడు రెండువైపులా తిరుగుతోంది. మూడింటి మెలకువ పూర్తిగా పోలేదు, కానీ వారంలో నాలుగు రాత్రులు తప్పుతోంది. మొన్న బుధవారం పాలబ్బాయి బెల్లు కొట్టేదాకా లేవలేదు.