రాతనే వృత్తిగా మొదలుపెడుతున్నారా? ఉద్యోగమా, ఫ్రీలాన్సింగా?

రాతమీదే బతకాలనుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఎక్కడైనా ఉద్యోగంలో చేరాలా, సొంతంగా క్లయింట్లను వెతుక్కోవాలా? మొదటి ఒకటి రెండేళ్లకు నా ఓటు ఉద్యోగానికే. నెల తిరిగేసరికి జీతం వస్తుందన్న ధీమా ఎలాగూ ఉంటుంది. దానికంటే ముఖ్యంగా, మీ కాపీని, అంటే మీరు రాసిచ్చినదాన్ని, దిద్దే మనిషి అక్కడ ఉంటారు.

కొత్తగా చేరినవారు రాసిచ్చే వాక్యం ఒకటి చూడండి: "తాగునీరు అందించేందుకు చర్యలు తీసుకోవడం జరుగుతుందని అధికారులు తెలియజేయడం జరిగింది." మంచి సబ్ ఎడిటర్ దీన్ని "తాగునీరు ఇస్తామని అధికారులు చెప్పారు" అని కుదిస్తారు. అక్కడితో వదలరు. ఏ అధికారి చెప్పారు? ఎప్పటినుంచి ఇస్తారు? ఎన్ని ఇళ్లకు? పొడుగు వాక్యంలో దాక్కున్న ఖాళీలన్నీ పొట్టి వాక్యంలో బయటపడతాయి. మళ్లీ ఫోన్ చేసి, కనుక్కుని రాయాల్సిందే. ఇది రోజూ జరిగితే చేయి తిరగకుండా ఎలా ఉంటుంది!

అమెరికన్ రచయిత హెమింగ్వే 1917లో, 18 ఏళ్ల వయసులో, కాన్సస్ సిటీ స్టార్ పత్రికలో రిపోర్టర్‌గా చేరారు. ఎలా రాయాలో చెప్పే ఆ పత్రిక నియమాల పత్రం, స్టైల్ షీట్, మొదలయ్యేదే చిన్న వాక్యాలు వాడమన్న సూచనతో. అక్కడ పనిచేసింది ఆరు నెలల పైచిలుకే అయినా, రాతపనికి తాను నేర్చుకున్నవాటిలో అవే మేలైన నియమాలని తర్వాత ఆయనే చెప్పారు.

ఫ్రీలాన్సింగ్‌లో ఈ దిద్దుబాటు దొరకడం కష్టం. రాసింది నచ్చకపోతే క్లయింట్ ఇంకోసారి పిలవరు, అంతే. ఎందుకు నచ్చలేదో చెప్పేవారు అరుదు. పైగా పని వెతుక్కోవడం, రేటు మాట్లాడుకోవడం, ఇన్‌వాయిస్ పంపి డబ్బుల కోసం గుర్తుచేయడం, అన్నీ మీ నెత్తినే. వ్యాసం ఇచ్చినప్పుడు డబ్బులిస్తారా, అచ్చయ్యాకా అన్నది ముందే తేల్చుకోకపోతే నెలల తరబడి టెన్షన్. ఎన్నిసార్లు తిరగరాయాలో, తీసుకున్నాక వేసుకోకపోతే ఎంత ఇస్తారో కూడా రాతపూర్వకంగా ఉండాలి.

హక్కుల దగ్గర మాత్రం ఫ్రీలాన్సర్‌దే పైచేయి. ఉద్యోగంలో భాగంగా రాసినదానిపై కాపీరైట్ చాలా దేశాల్లో యజమానిదే. ఫ్రీలాన్సర్ రాసింది, సంతకం పెట్టి ఇచ్చేస్తే తప్ప, సాధారణంగా ఆ రచయితదే. అందుకే ఒప్పందంలో "సర్వహక్కులు" అన్న మాట కనిపిస్తే ఆగి చదవండి. ఆ వ్యాసాన్ని రేపు మీ పుస్తకంలో వేసుకోవాలన్నా అవతలివారి అనుమతి అడగాల్సి రావచ్చు.

ఇప్పటికే నర్సుగానో, అకౌంటెంట్‌గానో, ఇంజినీర్‌గానో పనిచేస్తున్నవారికి నా సలహా వేరు. వాళ్లు ఆ ఉద్యోగం వదలకుండా ఆ రంగం గురించే ఫ్రీలాన్స్‌గా రాయడం మేలు. విషయం తెలిసి, తేలిగ్గా చెప్పగలిగేవారు దొరకడం ఎడిటర్లకు అపురూపం.

రోజుకు ఇన్ని వ్యాసాలని లెక్కపెట్టి రాయించుకుని, ఎవరూ చదవకుండానే పెట్టేసే చోట ఉద్యోగం వస్తే మాత్రం చేరకండి. దానికంటే నెలకు రెండు వ్యాసాలైనా శ్రద్ధగా రాసే ఫ్రీలాన్సింగే నయం. ఇంటర్వ్యూలో జీతం సంగతి వచ్చేలోపే అడగండి: "నా కాపీని ఎవరు చూస్తారు? దిద్దినది నాకు చూపిస్తారా?"