ఎర్తింగ్ బెంటోనైట్ పౌడర్, 25 కిలోల బస్తా: సరుకు ఓ మోస్తరే

ఎర్తింగ్ రాడ్డు చుట్టూ గుంతలో నింపే బంకమట్టి పొడి ఇది. బస్తా మీద ‘సోడియం బెంటోనైట్’ (నీళ్లు తగిలితే బాగా ఉబ్బే రకం) అని ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. 100 మి.లీ. కొలజాడీలో డిస్టిల్డ్ వాటర్ పోసి, బాగా ఆరబెట్టిన 2 గ్రాముల పొడిని 0.1 గ్రాము చొప్పున చల్లండి. ఒక చిటికెడు మునిగాకే ఇంకోటి. మర్నాటికి అడుగున జెల్ 24 మి.లీ.కి చేరితే మంచి సరుకు. ఇది 19 దగ్గరే ఆగింది, అంటే తక్కువ ఉబ్బే కాల్షియం రకం కలిసి ఉండొచ్చు.

ఎండిన బంకమట్టిలో పొర నుంచి పొరకు దూరం సుమారు 1 నానోమీటరు. ఒక వరస నీరు దూరితే 1.25, రెండు వరసలైతే 1.5 దాటుతుంది. సోడియం ఉంటే పొరలు ఇంకా విడిపోతూనే ఉంటాయి. కాల్షియం ఉంటే 1.9 దగ్గర బిగుసుకుంటాయి. అందుకే హార్డ్‌నెస్ (కాల్షియం లాంటి లవణాలు) ఎక్కువున్న బోరు నీళ్లతో కలిపితే మంచి సరుకు కూడా చెడుతుంది.

పొడిని గుంతలో పోసి పైనుంచి నీళ్లు కొట్టడం మన దగ్గర మామూలే. పైన జెల్ కట్టి నీటిని ఆపేస్తుంది, లోపల ఉండలు పొడిగానే మిగులుతాయి. డ్రమ్ములో నీళ్లు ముందు పోసి, తిప్పుతూ పొడి చల్లి, దోసెపిండిలా అయ్యాక గుంతలో పోయాలి.

వేసవిలో తడి తగ్గితే నల్లరేగడి నేలలాగే నెర్రెలిస్తుంది (రెండిట్లోనూ ఉండేది మాంట్‌మోరిల్లోనైట్ అనే ఉబ్బే ఖనిజమే). రాడ్డుకీ మట్టికీ మధ్య సందు పడి రెసిస్టెన్స్ పెరుగుతుంది. నీళ్లు పోసే పైపు లేని గుంతకు ఈ బస్తా దండగ.