రాణుల జత: ఆరేళ్ల వాడకం తర్వాత

ఫోన్‌కో మిక్సీకో రాసినట్టు పేకముక్కలకు రివ్యూ ఏంటని మా ఇంట్లో నవ్వారు. మిక్సీ కంటే ఎక్కువసార్లు నన్ను ఏడిపించింది ఈ జతే మరి. నో లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలతో ఆడే పోకర్) టోర్నమెంట్‌లో చేతికి వచ్చిన రెండు ముక్కలూ రాణులైతే 2019 నుంచి వాటిని ఎలా వాడానో, ఎక్కడ చెడగొట్టుకున్నానో రాస్తున్నాను.

హనుమకొండ నయీంనగర్‌లో మా మేడ మీద శనివారం రాత్రి ఆట. ఆరుగురం కూర్చుంటాం. లాక్‌డౌన్ నెలలు, 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగిన రోజులు తప్ప పెద్దగా ఆగింది లేదు. డబ్బు పెట్టం. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటు చట్టంతో దేశమంతా అదే అయింది. ఫోన్‌లో ఆడి అప్పులపాలైనవాళ్లను చూశాం కాబట్టి ఆ జోలికే పోము. తలా 5,000 చిప్స్, బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిన్న, పెద్ద పందేలు) 25-50తో మొదలై 20 నిమిషాలకోసారి పెరుగుతాయి. ముందు అవుటైనవాడు లేచి చాయ్ పెట్టాలి. గెలిచినవాడి పేరు పెళ్లిసామాను మీద కొట్టించినట్టు ఒక స్టీలు చెంబు మీద కొట్టిస్తాం. దాని మీద నా పేరు నాలుగు చోట్ల ఉంది. చాయ్ ఎన్నిసార్లు పెట్టానో ఎక్కడా రాసుకోలేదు.

ఈ జత 221 పంపకాలకు ఒకసారి వస్తుంది. మాకు రాత్రికి 90 దాకా పంపకాలు అవుతాయి కాబట్టి రెండు మూడు శనివారాలకోసారి దర్శనం. అంత అరుదుగా వచ్చేసరికి చూడగానే గుండె దడదడలాడుతుంది. మొదటి రెండేళ్లు నా తప్పులన్నీ ఆ దడలోనే జరిగాయి.

మాలో చాలామంది మూడు ముక్కలాట నుంచి వచ్చినవాళ్లం. అక్కడ రాణుల జోడీ పడితే మెల్లగా లాగాలి, అవతలివాడు ప్యాక్ చేయకుండా (ముక్కలు పడేయకుండా) చూసుకోవాలి. నేనూ అదే తెలివి ఇక్కడ వాడాను. ఒకసారి మొదటి గంటలోనే, అందరికంటే ముందు ఆడాల్సిన సీట్లో, ఇస్పేటు రాణి, ఆఠీను రాణి వచ్చాయి. రైజ్ చేస్తే, అంటే పందెం పెంచితే, అందరూ పారిపోతారని ఉత్త 50 పెట్టి ఊరుకున్నాను. నా వెనక ముగ్గురు వచ్చారు. బిగ్ బ్లైండ్ (పెద్ద బ్లైండ్) ముందే పెట్టి ఉన్న పక్కింటి తమ్ముడు ఇంకేమీ పెట్టకుండా ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) చూశాడు. 9, 7, 4 పడ్డాయి. రాణులకంటే పెద్ద ముక్క లేదు కదా అని నేను పెట్టడం, వాడు పెంచడం, నేను ఇంకా పెంచడం... 250 చిప్స్ కుప్ప కోసం నా 5,000 మొత్తం పోయాయి. వాడి చేతిలో కళావరు 7, 4, అంటే రెండు జతలు.

"ఉత్తగనే వచ్చిన అన్నా, నువ్వే రానిచ్చినవ్" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది, నిజం కాబట్టి. ఆసుల జతకే ఎదురుగా ఒక్కడుంటే 85 శాతం గెలుపు, తొమ్మిదిమంది ఉంటే 31 శాతానికి పడిపోతుంది. రాణులు ఎంత! జనం తక్కువ ఉన్నప్పుడే ఈ జతకు బలం. అప్పటినుంచి నా పద్ధతి ఒకటే: ముందే బిగ్ బ్లైండ్‌కు మూడింతలు పెడతాను, అప్పటికే ఎవరైనా ఉత్తగా వచ్చి ఉంటే మనిషికొక బ్లైండ్ చొప్పున కలుపుతాను. అందరూ పారిపోయి బ్లైండ్స్ మాత్రమే దక్కినా ఇప్పుడు బాధ లేదు. మొదట్లో చాలా ఉండేది.

ఫ్లాప్ మీద ఆసో రాజో పడడం దీనికి పుట్టుకతో వచ్చిన లోపం. 41 శాతం ఫ్లాపుల్లో కనీసం ఒకటి పడుతుంది. పక్క మోడళ్లతో పోలిస్తే జాకీల జతకు పెద్ద ముక్క పడే బెడద 57 శాతం, రాజుల జతకు 23. మూడో రాణి ఫ్లాప్‌లో దొరికేది ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి, దాని మీద ఆశ పెట్టుకుని ఆడలేం. మా బల్ల దగ్గర రాజు కంటే ఆసు పడితేనే నాకు ఎక్కువ భయం. చేతిలో ఆసు ఉంటే మావాళ్లు దాని తోడు ముక్క ఏదో కూడా చూడరు, వచ్చేస్తారు. అందుకే ఆసు పడితే కుప్పలో మూడో వంతు ఒకసారి పెడతాను. ఎవడైనా పిలిచాక (అంతే పెట్టి ఆటలో ఉన్నాక) టర్న్‌లో, అంటే నాలుగో ముక్క దగ్గర, వాడే పెద్దగా పెడితే ముక్కలు పడేస్తాను. ఒకప్పుడు పంతానికి రివర్ (ఐదో ముక్క) దాకా పిలిచేవాణ్ని.

ఆట చివర్లో, 10-12 బిగ్ బ్లైండ్స్‌కు సరిపడా చిప్సే మిగిలినప్పుడు, ఇంత సుఖమైన జత లేదు. ఆల్ ఇన్ (ఉన్నదంతా పెట్టేయడం), అంతే. ఎదుటివాడు ఆసు-రాజు చూపించినా ఆ రెండూ ఒకే రంగువైతే (రెండూ ఇస్పేట్లలాగా) 54, కాకపోతే 57 శాతం మనదే. ఓడితే చాయ్ పెట్టుకోవడమే, ఆలోచించడానికి ఏమీ ఉండదు.

కష్టమంతా నడిమధ్యే, 40 బ్లైండ్స్ దగ్గర.

పోయిన ఏడాది ఒక రాత్రి. బ్లైండ్స్ 100-200, నా దగ్గర 8,000. తమ్ముడు 500 చేశాడు, నేను రాణులతో 1,500 చేశాను. బటన్ మీద (పంపకందారు సీట్లో) మా బావ ఉన్నాడు. కాజీపేటలో గూడ్సు నడుపుతాడు, సిగ్నల్ పడేదాకా కదలడం ఆయనకు అలవాటు లేదు. నిదానంగా 4,000 ముందుకు తోశాడు. తమ్ముడు వెంటనే పడేశాడు.

నా దగ్గర మిగిలింది 6,500. అంతా పెట్టి, బావ కూడా సమానం చేస్తే కుప్ప 16,800 అవుతుంది, అంటే 39 శాతం గెలిచే అవకాశమైనా ఉండాలి. బావ దగ్గర ఆసులు 6 రకాలుగా, రాజులు 6 రకాలుగా, ఆసు-రాజు 16 రకాలుగా ఉండొచ్చు. ఈ 28 కలిపి చూస్తే నాకు 40 శాతం, అంచు మీద సరిపోతుంది. కానీ ఆసు-రాజుతో బావ ఇంతవరకూ ఇలా పెంచగా నేను చూడలేదు. ఆ 16 తీసేస్తే మిగిలేది 12, నా అవకాశం 19 శాతం కూడా ఉండదు. ముక్కలు అవే, ఎదురుగా కూర్చున్న మనిషిని బట్టి విలువ సగానికి పడిపోతోంది. తమ్ముడు అలా పెంచి ఉంటే కళ్లు మూసుకుని తోసేవాణ్ని.

రెండు నిమిషాలు కూర్చుని, రాణుల్ని బోర్లా పడేశాను. ఆరేళ్లలో ఫ్లాప్ చూడకుండా వాటిని వదిలింది ఆ ఒక్కసారే.

స్టార్లు ఇమ్మంటే ఐదుకు నాలుగు ఇస్తాను. కొత్తవాళ్లయితే మూడే అనుకోండి, ఒకటి దడకు పోతుంది.

ఆ రాత్రి బావ దగ్గర ఏమున్నాయో ఇప్పటికీ చెప్పలేదు. మొన్న సంక్రాంతికి కూడా అడిగాను.

"చాయ్ చల్లారుతాంది బామ్మర్దీ" అన్నాడు.