“ఎంత ఉండాల్నో చెప్పన్నా, అంతే పెట్టిస్త”: మీటర్ తిప్పిన కారు అంటగట్టారు, జాగ్రత్త

58,412. నేను కొన్న కారు మీటర్‌లో ఉన్న కిలోమీటర్ల నంబర్ అది. 65,535. అదే కారు ఇంజిన్ కంప్యూటర్ చెప్పిన నంబర్. రెండో నంబర్ ఏంటో కింద రాశాను, కారు కొనే ఆలోచన ఉన్నవాళ్లు అది మాత్రం చదవకుండా వెళ్లకండి.

కారు అమ్మిన యార్డ్ పేరు రాయను. తెలిసిన లాయర్ ఒకాయన రాయొద్దని మొత్తుకుంటున్నాడు. ఆదివారాలు సిటీలో సెకండ్ హ్యాండ్ కార్లు చూస్తూ తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు కూడా. అన్ని టైర్లకీ నల్ల పాలిష్, అన్ని కార్లూ ‘డాక్టర్ గారు వాడినవే’, అన్నీ అరవై వేల లోపే తిరిగినవి. 2016 డీజిల్ సెడాన్, 4 లక్షల 70 వేలు. బేరం, డబ్బు, బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. అంత తొందరేమొచ్చింది అని అడగొద్దు, ఇంట్లో ఆల్రెడీ అడిగారు.

మూడో రోజు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో తీయించిన ప్రింటవుట్ పట్టుకుని యార్డ్‌కి వెళ్తే జరిగింది ఇదీ. ఆ కాగితంలో 2021 నవంబర్ జాబ్ కార్డ్ మీద రీడింగ్ 1,34,870. యార్డ్‌వాడు కాగితం కనీసం చేతిలోకి తీసుకోలేదు. టీ తాగుతూ, “అన్నా, నువ్వు కార్ కొన్నవా, మీటర్ కొన్నవా?” అన్నాడు. పక్కన కూర్చున్న ఇద్దరు నవ్వారు. తర్వాత కాస్త పెద్దరికంగా, “కంపెనీ వాళ్లే పది శాతం తేడ పెడ్తరు మీటర్‌ల. టైర్లు గూడ మార్చినం గద, దాంతోని గూడ ఫరక్ వస్తది.” సరే, ఇది కూడా సహించొచ్చు. కానీ గొంతు పెంచేసరికి అతనన్న మాట చూడండి: “నీకు గంత బాధైతే ఎంత ఉండాల్నో చెప్పన్నా, అంతే పెట్టిస్త. పది నిమిషాల పని.”

సారీ చెప్పాల్సిన చోట ఆఫర్ ఇచ్చాడు! తప్పు ఒప్పుకోవడం కూడా కాదది, కస్టమర్ సర్వీస్!

ఆ ‘పది శాతం’ ముక్క చాలామంది నమ్ముతారు కాబట్టి దాని సంగతి చెప్పాలి. అందులో సగం నిజం ఉంది, మోసమంతా ఆ సగంలోనే ఉంది. స్పీడోమీటర్ అసలు వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది. కావాలనే అలా చేస్తారు. ఐక్యరాజ్య సమితి 39వ రెగ్యులేషన్ ప్రకారం ముల్లు ఎప్పుడూ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు. ఎక్కువ మాత్రం అసలు వేగంలో పదో వంతు, దాని మీద ఇంకో 4 కిలోమీటర్ల దాకా చూపించొచ్చు. అంటే కారు నిజంగా 80లో పోతుంటే ముల్లు 92 దాకా ఉన్నా రూల్ ప్రకారం తప్పు కాదు. మామూలు కార్లలో మూడు నాలుగు కిలోమీటర్ల తేడా ఉంటుంది, ఫోన్‌లో జీపీఎస్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

మొత్తం తిరిగిన కిలోమీటర్లు చూపించే ఓడోమీటర్ సంగతి వేరు. చక్రాల దగ్గరో గేర్‌బాక్స్ మీదో ఉన్న సెన్సర్ నుంచి పల్స్‌లు వస్తాయి, వాటిని లెక్కపెట్టి దూరం కూడుతుంది. ముల్లుకి కలిపే ఆ ఎక్స్‌ట్రా దీనికి కలపరు. అందుకే ముల్లు 5 శాతం అబద్ధం చెప్పే కారులో కూడా ఓడోమీటర్ ఒకటి రెండు శాతం లోపే ఉంటుంది. పైగా ఆ పది శాతం నిజంగానే ఓడోమీటర్‌కీ ఉందనుకుందాం. అప్పుడు మీటర్ ఎక్కువ చూపించాలి కదా స్వామీ, తక్కువెలా చూపిస్తుంది?

టైర్ల కథ కూడా అంతే. 165/80 ఆర్14 సైజు టైరు తీసేసి 185/65 ఆర్15 వేశారనుకోండి. మొదటిదాని వ్యాసం 619.6 మిల్లీమీటర్లు, రెండోదానిది 621.5. తేడా 0.3 శాతం. అరవై వేల కిలోమీటర్లకి 180 కిలోమీటర్లు. టైరు అరిగితే ఎంత? కొత్త టైరు గాడి లోతు 8 మిల్లీమీటర్లు, 1.6కి వస్తే మార్చేయాలి. అంటే వ్యాసం 13 మిల్లీమీటర్ల దాకా తగ్గుతుంది, రెండు శాతం. చిన్న చక్రం ఎక్కువ సార్లు తిరుగుతుంది కాబట్టి అప్పుడూ మీటర్ ఎక్కువే చూపిస్తుంది. ఈ కారులో మాయమైనవి తక్కువలో తక్కువ 76,458 కిలోమీటర్లు, అదీ 2021 నవంబర్ నాటికి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్‌ఆర్) చుట్టు 158 కిలోమీటర్లు. చిలుకూరులో మొక్కు తీరితే 108 ప్రదక్షిణలు చేస్తాం, ఈ కారు చేత ఓఆర్‌ఆర్ చుట్టూ 483 చేయించి లెక్క చెరిపేశారు.

ఇప్పుడు ఆ 65,535. స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ పోర్ట్ ఉంటుంది, మెకానిక్‌లు కారు కంప్యూటర్‌ని చదివేది దాంట్లోంచే. అందులో ఈఎల్ఎం327 బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో స్కానర్ యాప్ తెరిస్తే, లైవ్ డేటాలో ‘కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం’ అని ఒక లైన్ వస్తుంది. చివరిసారి ఎర్రర్ కోడ్‌లు క్లియర్ చేసినప్పటి నుంచి ఇంజిన్ కంప్యూటర్ విడిగా వేసుకునే లెక్క అది. దానికి కేటాయించింది రెండు బైట్లే, అందుకే 65,535 దాటి చూపించలేదు. ఈ కారులో అది సరిగ్గా 65,535 దగ్గర ఆగిపోయి ఉంది. అంటే ఎప్పుడో కోడ్‌లు చెరిపారు, ఆ తర్వాతే కనీసం 65,535 కిలోమీటర్లు తిరిగింది. మరి పుట్టినప్పటి నుంచి తిరిగిందేమో 58,412 అట. తండ్రి కంటే కొడుకు పెద్దవాడన్నమాట.

ఎలా మిగిలిపోయిందంటే, మీటర్ తిప్పేవాడు క్లస్టర్ (మీటర్లుండే డబ్బా) ఊడదీసి లోపల ఎనిమిది కాళ్ల మెమరీ చిప్ ఉంటే దాంట్లో నంబర్ మారుస్తాడు. అక్కడితో చేతులు దులుపుకుంటాడు. కానీ చాలా కార్లలో దూరం లెక్క ఇంజిన్ కంప్యూటర్‌లోనో, బ్రేకుల ఏబీఎస్ మాడ్యూల్‌లోనో, లైట్లు, తాళాలు చూసుకునే బాడీ కంట్రోల్ మాడ్యూల్‌లోనో కూడా ఉంటుంది. అన్నీ మార్చాలంటే టైమ్, డబ్బు, బుర్ర మూడూ కావాలి. యాప్‌లో ఆ దూరం లైన్ కొన్ని కార్లలో రాదు, రాకపోతే కంగారు పడక్కర్లేదు. వచ్చి మరీ చిన్న నంబర్ ఉంటే, ఉదాహరణకి 12 కిలోమీటర్లు, నిన్నో మొన్నో ఎవరో కోడ్‌లు చెరిపారని అర్థం. కొన్ని కార్లలో బ్యాటరీ తీసినా సున్నా అవుతుంది కాబట్టి అదొక్కటే సాక్ష్యం కాదు. అయినా ఏం చెరిపారో అడగాలి కదా.

ఆ అడాప్టర్ వెయ్యి రూపాయలు కూడా ఉండదు. కారు కొన్న రోజు అది ఇంట్లో టీవీ కింద డ్రాయర్‌లో ఉంది. ముగ్గురు స్నేహితుల కార్లకి పెట్టి చూపించి సలహాలిచ్చిన మేధావి, సొంత కారుకొచ్చేసరికి టైర్ల పాలిష్ చూసి పడిపోయాడు. ఏమనాలి?

టెస్ట్ డ్రైవ్‌తో తెలిసిపోతుందని కొందరంటారు, తెలీదు. ఓఆర్‌ఆర్ ఎక్కి, ఎడమ వైపు లేన్‌లో 80 మీద నిలకడగా పోతూ, కిలోమీటర్ బోర్డు దగ్గర ట్రిప్ మీటర్ సున్నా చేసి 20 కిలోమీటర్లు చూడండి. 19.7 నుంచి 20.3 మధ్య వస్తే మీటర్ బాగా పనిచేస్తున్నట్టే. కానీ తిప్పిన మీటర్ కూడా ఆ 20ని నిక్కచ్చిగా లెక్కపెడుతుంది! నిన్నటిదాకా ఉన్నది చెరిపారు, ఈ రోజు నుంచి బుద్ధిగానే ఉంటుంది. ఈ టెస్ట్‌లో దొరికేది క్లస్టర్ వెనక పల్స్‌లు ఆపే బ్లాకర్ బిగించి సగమే లెక్కపెట్టిస్తున్న కార్లు మాత్రమే. అది కూడా తక్కువేం కాదు, చేయండి, కానీ దాంతో ధీమా తెచ్చుకోవద్దు.

పాత లెక్క దొరికేది వేరే చోట్ల. బానెట్ ఎత్తాక ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా చూడండి, మెకానిక్‌లు మార్కర్‌తో కిలోమీటర్లు రాసే అలవాటుంది. డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద ఆయిల్ మార్చిన స్టిక్కర్ ఉంటుంది. ఈ కారులో స్టిక్కర్ లేదు, నలుచదరంగా జిగురు మచ్చ ఉంది. కారంతా మెరిసిపోతూ ఉంటే ఆ ఒక్కచోట దుమ్ము అతుక్కుని నల్లగా కనిపిస్తోంది. మొదటి రోజే చూశాను. చూసి ఊరుకున్నాను.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. యాభై ఎనిమిది వేలే తిరిగిన కారుకి మూడో సెట్ టైర్లు ఎందుకొచ్చాయో అమ్మేవాడు చెప్పాలి. బ్రేక్ డిస్క్ అంచున వేలు పెడితే గట్టు తగులుతుంది, అది ఎంత ఎత్తుంటే అంత తిరిగినట్టు. క్లచ్ పెడల్ రబ్బర్ కొత్తగా ఉంటే సంతోషపడొద్దు, దాన్ని వంద రూపాయలకి మారుస్తారు. పెడల్ పక్కకి ఊగుతోందా చూడండి, అది మార్చరు. డ్రైవర్ సీటు కుడి అంచు నలిగి, పక్క సీటు కొత్తగా ఉంటే కూడా అనుమానించాలి. యాక్సిలరేటర్ దగ్గర కోసి టేపు చుట్టిన వైర్లు కనిపిస్తే ఒకప్పుడు క్యాబ్‌కి పెట్టే 80 స్పీడ్ గవర్నర్ ఉండేదేమో అడగండి.

వీటన్నిటికంటే గట్టిది సర్వీస్ హిస్టరీ. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ప్రతి జాబ్ కార్డ్ మీదా రీడింగ్ ఎక్కిస్తారు. అమ్మేవాణ్ని వెంటబెట్టుకుని ఆ కౌంటర్‌కి వెళ్లండి. రానంటే కారు వద్దు. “మేం బయటే చేయించినం” అంటే బయట చేయించిన బిల్లులు అడగండి.

కిలోమీటర్లు ఎందుకింత ముఖ్యం అంటారా, డబ్బు ఒక్కటే కాదు. 58 వేల కారనుకుని వాడితే లక్ష దాటాక చేయాల్సిన పనులు ఎవరూ చేయరు. కూలెంట్, గేర్ ఆయిల్, టర్బో పైపులు, ఇంజెక్టర్లు, సస్పెన్షన్ బుష్‌లు అన్నీ ఒకేసారి చేతికొస్తాయి. ఇప్పుడు ఈ కారుకి క్లచ్ ప్లేట్‌తో మొదలైంది.

ఇక సలహాలంటే, డబ్బు ఇచ్చేముందు అమ్మకం కాగితం మీద ‘రీడింగ్ ఇంత, ఇది అసలైనదే’ అని రాయించి సంతకం తీసుకోండి. రాయనన్నాడంటే మీకు జవాబు దొరికినట్టే. 2023 ఏప్రిల్ నుంచి పాత కార్ల డీలర్లకి రవాణా శాఖ ఇచ్చే అధికార పత్రం, ఫారం 29బి ఉండాలి, అడిగి చూడండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కొన్నది 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి.

ఇప్పటికే ఇలాంటి కారు కొన్నవాళ్లకి ఒక మాట. గొడవకి వెళ్లేముందు మీటర్ ఫోటో, ఓబీడీ స్క్రీన్ ఫోటో, సర్వీస్ ప్రింటవుట్ దాచుకోండి. కారు మాత్రం “చెక్ చేసి ఇస్తం” అన్నా అక్కడ వదిలి రావద్దు. పది నిమిషాల పని అని వాళ్లే చెప్తున్నారు కదా.

ఇది రాస్తుండగా యార్డ్ నుంచి ఫోన్. రెండు వేల డీజిల్ కొట్టిస్తాడట, ‘లొల్లి’ వద్దట.