జోలాపుట్టులో పడవ, అవతలి గట్టున టెంట్: సరంగుకి ఫుల్ మార్కులు, జాకెట్లకి సున్నా

ఒడిశా కొరాపుట్ జిల్లాలోని నందపూర్ వైపు నుంచి జోలాపుట్టు రిజర్వాయర్ మీదుగా ఇంజిన్ బోటులో తీసుకెళ్లి, రోడ్డు లేని అవతలి గట్టున ఒక రాత్రి టెంట్‌లో ఉంచి తెచ్చే లోకల్ కుర్రాళ్ల సర్వీసు గురించి ఇది. మేం సునాబెడ నుంచి సెమిలిగూడ మీదుగా పిల్లలతో కలిసి వెళ్లాం. విశాఖ నుంచి వచ్చేవాళ్లకి అరకు, పాడువా దారి ఉంది.

వెళ్లే ముందు అందరూ వాతావరణం చూసుకుంటారు గానీ ఇక్కడ చూడాల్సింది నీటిమట్టం. ఇది ఆంధ్రా, ఒడిశా కలిసి కట్టుకున్న మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు నీరు, ఇక్కడ వదిలింది దిగువన డుడుమ డ్యాంకి, అక్కడి నుంచి ఒనకడిల్లి పవర్‌హౌస్‌కి పోతుంది, కాబట్టి వానలు ఆగాక కూడా మట్టం మారుతూనే ఉంటుంది. పూర్తి మట్టం 2750 అడుగులు. ఆ దగ్గర్లో ఉంటే పడవ ముక్కు నేరుగా గడ్డికి ఆనుతుంది, చెప్పులు తడవకుండా దిగొచ్చు. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే మాత్రం సామాను నెత్తిన పెట్టుకుని ఎర్ర బురదలో నడవాలి.

ఇక్కడే పడవ నడిపే సరంగు పనితనం తెలిసింది. ఒక చోట ఉన్నట్టుండి ఇంజిన్ ఆపి, నీళ్లలో తిరిగే ఇంజిన్ ఫ్యాన్ పైకెత్తేసి వెదురు గెడ పట్టుకున్నాడు. మాకు నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. గెడతో తట్టి చూపించాడు, జానెడు లోతులో నాచు పట్టిన నల్లటి మోడు, డ్యాం కట్టినప్పుడు మునిగిన చెట్టుది. అలాంటివి ఇంకా ఉన్నాయని, ఏది ఎక్కడుందో అన్నీ గుర్తేనని చెప్పాడు. ఆ మనిషి కోసమే మళ్లీ వెళ్తాను.

కానీ ఆరుగురికి నాలుగే లైఫ్ జాకెట్లు, అందులో రెండింటికి క్లిప్పులు ఊడిపోయాయి, పిల్లల సైజు అసలు లేదు. అడిగితే "నీళ్లు కదలవు బాబూ, ఏం భయం లేదు" అన్నారు. మధ్యాహ్నం దాటాక గాలి లేస్తే ఆ వెడల్పులో అలలు ఎలా వస్తాయో మేమే చూశాం. ఇదే నది దిగువన సీలేరు రిజర్వాయర్‌లో 2021 మే నెలలో నాటుపడవలు మునిగి సొంతూరికి వెళ్తున్న వలస కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పొట్టకూటి కోసం తిరిగేవాళ్లకి వేరే దారి లేకపోయింది, సరదాకి డబ్బులు తీసుకుని ఎక్కించుకునేవాళ్లు జాకెట్లు లేకుండా పడవ కదిలించకూడదు, అంతే.

రెండో సంగతి, రాత్రి పడవ అక్కడ ఉంచరు, మమ్మల్ని దించి ఇవతలికి వెళ్లిపోయింది. ఫోన్ సిగ్నల్ లేదు. ఎవరికైనా జ్వరమొచ్చినా, పాము కరిచినా తెల్లారే దాకా ఆగాల్సిందేనా? ఎక్కువ తీసుకున్నా సరే, పడవ ఉంచమని పట్టుబట్టండి.

క్యాంపు మాత్రం శుభ్రంగా ఉంది. రాళ్లు పేర్చిన చోటే మంట, కట్టెలు వాళ్లే తెస్తారు, చెట్టు మీద కత్తి పెట్టనివ్వరు. చెత్తకి గోనెసంచి ఇచ్చి, తిరిగి వచ్చేటప్పుడు అది పడవెక్కిందో లేదో చూసుకున్నారు. రాత్రికి అప్పుడే పట్టిన చేప, అన్నం, పొద్దున చోడంబలి (రాగి అంబలి), పక్కన ఉల్లిపాయ, పచ్చిమిర్చి. మా పిల్లలు అంబలి రెండోసారి అడిగి తాగారు!

వాళ్లిచ్చే స్లీపింగ్ బ్యాగులు పల్చన, చలికాలం అయితే రగ్గు తెచ్చుకోవాలి. కొరాపుట్ జిల్లాలో మలేరియా ఉంది కాబట్టి ఓడోమాస్ మర్చిపోవద్దు, టెంట్ జిప్ సాయంత్రమే వేసేయండి. టాయిలెట్ అంటే తడక కట్టిన గొయ్యి, పక్కన పార. పెద్దవాళ్లకి కష్టం, మా అత్తయ్యగారిని తీసుకెళ్లకపోవడమే మంచిదైంది.

మనిషికి 1,200 తీసుకున్నారు, తిండితో కలిపి. ఫోన్‌లో బుక్ చేసేటప్పుడే జాకెట్ల ఫోటో పంపమనండి, పిల్లల సైజుతో సహా.