హనుమకొండ లాడ్జిలో మోసపోయాం, కోట మాత్రం వదలొద్దు

యూనివర్సిటీల మధ్య అమ్మాయిల కబడ్డీ పోటీలు హనుమకొండలో, వాలంటీర్లు కావాలంటే నేనూ మా రూమ్మేటూ పేర్లిచ్చాం. ఉప్పల్ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి జీరో టికెట్, ప్రయాణం ఖర్చు లేదు. ఖర్చంతా లాడ్జిలోనే అయింది.

బస ఇస్తామన్నవాళ్లు, తీరా వచ్చాక గదులు టీములకే సరిపోలేదు మీరే చూసుకోండన్నారు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో రోజుకు రూ.850 అని బుక్ చేసుకుని వెళ్తే, కౌంటర్‌లో ఆయన ఆ బుకింగ్ మాకు రాలేదమ్మా, ఇప్పుడు రూ.1,400 అన్నాడు. మెసేజ్ చూపించినా వినలేదు. ఆ వేళప్పుడు ఇద్దరం ఆడపిల్లలం ఇంకెక్కడికి పోతాం, కట్టాం. తలుపు గడియకి స్క్రూలు ఊడి వేలాడుతోంది, టేబుల్ అడ్డం పెట్టి పడుకున్నాం. వేణ్ణీళ్లు ఆరింటి నుంచి ఏడు వరకేనట, మేమేమో ఐదున్నరకే గ్రౌండ్‌లో ఉండాలి, నాలుగు రోజులూ చన్నీళ్లే. బిల్లడిగితే తెల్లకాగితం మీద అంకె వేసిచ్చాడు. బుక్ చేసింది నేనే కాబట్టి మా రూమ్మేట్ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మీరు వెళ్తే ముందే లాడ్జికి ఫోన్ చేసి రేటు వాట్సాప్‌లో రాయించుకోండి, గడియ చూశాకే డబ్బులివ్వండి.

పోటీల్లో నా పని మ్యాట్ తుడవడం. పట్టుకుని పడేసిన చోటల్లా చెమట, దాని మీద కాలు జారితే మోకాలు పోతుంది, రిఫరీ చెయ్యి చూపగానే బట్ట పట్టుకుని పరుగెత్తాలి. ఒకమ్మాయి చిటికెన వేలు వాచిపోతే పక్క వేలితో కలిపి టేప్ చుట్టించుకుని వెంటనే రైడ్‌కి వెళ్లి రెండు పాయింట్లు తెచ్చింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మూడో రోజు మధ్యాహ్నం ఖాళీ దొరికింది. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడి చూశాం. విప్పదీసి మళ్లీ పేర్చిన కల్యాణ మండపం 2024లో తెరిచారు, అది తప్పక చూడండి. నల్లరాతి నంది ఎంత నున్నగా ఉందంటే చెయ్యి పెట్టకుండా ఉండలేం. అక్కడి నుంచి ఆటోలో ఖిలా వరంగల్ కోటకి, టికెట్ మనిషికి రూ.25. స్వయంభూ శివాలయం కూలిపోయి రాళ్లు పరుచుకుని ఉన్నాయి, చుట్టూ నాలుగు దిక్కులా తోరణాలు మాత్రం నిలబడే ఉన్నాయి. తెలంగాణ రాజముద్రలో రోజూ చూసేదే, కింద నిలబడి తలెత్తితే గానీ ఆ ఎత్తు తెలియలేదు. పైన హంసలు, తీగలు తప్ప దేవుళ్ల బొమ్మల్లేవు, అందుకే కోట మీద దండెత్తినవాళ్లు పగలగొట్టకుండా వదిలేశారని చెప్తారు. సాయంత్రం ఎండలో రాయి ఎర్రబడుతుంటే మా రూమ్మేట్ మొదటిసారి ఫోటో తియ్యవే అంది. గేటు బయట ముసలమ్మ దగ్గర రూ.20కి రేగుపండ్లు కొనుక్కుని, మెట్ల మీద కూర్చుని చీకటి పడేదాకా తిన్నాం.

రామప్ప గుడికి ఒక రోజంతా కావాలి, టైం లేక వదిలేశాం. సంక్రాంతి సెలవులకి వెళ్దామంది మా రూమ్మేట్, గది మాత్రం తనే బుక్ చేస్తుందట.